మోకాలి లోతు సముద్రం

పోయిన వానాకాలం చివర సాగర్ గేట్లు ఎత్తారని తెలియగానే మిర్యాలగూడలో సగం ఊరు కదిలింది. వారితోపాటు మేమూ హాలియా మీదుగా బయలుదేరాం. కొత్త వంతెన దగ్గర నిలబడి చూస్తుంటే నురగ తుంపరలు ముఖాన పడుతున్నాయి. నాలుగేళ్ళ మా పాప వాళ్ళ నాన్న భుజం మీద కూర్చొని చాలాసేపు చూసింది. తర్వాత జలాశయం వైపు తిరిగి అడిగింది: "అమ్మా, సాగర్ అంటే సముద్రమే అన్నవు కదా? మరి అవతలి ఒడ్డు కనబడుతుందేంది?"

సమాధానం చెప్పడానికి పురాణం ఉంది. సగరుని కొడుకులు తవ్వినది గనుక సాగరమైందని కదా కథ! ఆ లెక్కన మనిషి చేతితో ఏర్పడిన జలరాశికి ఆ పేరు పెట్టడం అన్యాయమేమీ కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటి నుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలిన నాటి వరకు, రాయి మీద రాయి పెట్టి వేలాది కూలీలు కట్టిన ఆనకట్ట ఇది. సగరపుత్రులకన్నా వీరేమీ తక్కువ తినలేదు. అయితే నాలుగేళ్ళ పిల్లకు శబ్దవ్యుత్పత్తి చెప్పి తప్పించుకోలేం. "అవతలి ఒడ్డు కనబడనిది ఇంకొకటి ఉంది, చూపిస్తాలే" అని మాట ఇచ్చేశాను. ఇచ్చాక గుండె ఝల్లుమంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇంటికి వచ్చాక చర్చ మొదలైంది. మా వారు గోవా అన్నారు. ఆడబిడ్డ ఫోనులోనే తీర్పు చెప్పింది, విశాఖపట్నం తప్ప ఇంకొకటి సముద్రమే కాదని. కోదాడలో ఉన్న మా తమ్ముడు పూరీ అయితే దైవదర్శనం కూడా అవుతుందన్నాడు. అరవై దాటినా సముద్రం మొహం చూడని మా అత్తమ్మ మాత్రం, "కార్తీక పున్నమికి సూర్యలంక పోదాం, అందరు పోతున్నరు" అంది. ఎవరి మాటలో వారికి న్యాయం ఉంది. ఎవరి మాటలోనూ పిల్ల లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్నపిల్లతో సముద్రానికి వెళ్ళేటప్పుడు మనం ఎంచుకోవలసింది ఊరిని కాదు, ఒడ్డును. ఆ ఒడ్డును కొలవవలసింది పేరుతో కాదు, ఫొటోలతో కాదు, పిల్ల మోకాలితో. మా పాప మోకాలి ఎత్తు నా జానకు కాస్త ఎక్కువ. ఆ లోతులో ఆమె నిలబడి ఆడుకోగల చోటు ఎంత వెడల్పు ఉంది, ఏ నెలలో ఉంది, రోజులో ఏ వేళ ఉంది అన్నవే అసలు ప్రశ్నలు. తక్కినవన్నీ పెద్దల సరదాలు.

ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. మాది కోదాడ పక్క పల్లె. ఎడమ కాలువ గట్టు మీద పెరిగినదాన్ని. నాకు పదేళ్ళప్పుడు, పంటకు నీళ్ళు వదిలిన రోజుల్లో, బడి నుండి వస్తూ నా తరగతి పిల్ల ఒకతె అన్నం డబ్బా కడగడానికి కాలువలోకి ఒంగింది. నేను గట్టు మీద ఆమె పుస్తకాల సంచి పట్టుకొని ఉన్నాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అల లేదు, సుడి లేదు, చప్పుడు లేదు. నాచు మీద కాలు జారిన చప్పుడు కూడా రాలేదు. సంచి పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. అరవాలని తోచడానికి ఎంతసేపు పట్టిందో ఈనాటికీ నాకు లెక్క తెలియదు. సాయంత్రానికి కింది తూము దగ్గర దొరికింది.

ఆ రోజు నుండి మా అమ్మ నోట ఒకటే మాట: నీళ్ళ దగ్గరకు పోవద్దు. ఆ మాట నన్ను కాపాడి ఉండవచ్చు. కానీ ఈత నేర్పలేదు, నీటి గుణం చెప్పలేదు. పెళ్ళయి, పిల్ల పుట్టేదాకా నేను ఏ నీటిలోనూ మోకాలి దాకా దిగలేదు. కాబట్టి పాపకు మాట ఇచ్చిననాడు నాకు ఎదురైన ప్రశ్న ఏ ఊరికి వెళ్ళాలన్నది కాదు. నా భయాన్ని ఆమెకు ఆస్తిగా ఇవ్వాలా, మా వారి ధీమాను ఇవ్వాలా? నా వరకు ఆ రెండూ ప్రమాదకరమే. మూడోది ఏదైనా ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాను.

చదివిన కొద్దీ ఒక విషయం కాలువను గుర్తుచేసింది. అలలు ఒడ్డుకు తెచ్చి పోసిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి కదా. అది ఒడ్డు పొడవునా సమానంగా పోదు. నీటి అడుగున ఇసుక తిన్నెల మధ్య పల్లం ఎక్కడుంటే అక్కడ గుమికూడి, సన్నని ఏరులా లోపలికి పరుగెడుతుంది. రిప్ కరెంట్ అంటారు దాన్ని. ఆ చోట అలలు పెద్దగా విరగవు. చూడడానికి నీరు నిదానంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. అటూ ఇటూ నురగలు కక్కుతుంటే మధ్యలో ఆ ఒక్క చోటే నెమ్మదిగా ఉంటుంది. మెట్ట ప్రాంతం నుండి వచ్చిన మనలాంటివారు సరిగ్గా అక్కడే పిల్లలను దింపుతారు! అందులో చిక్కిన ఈతగాడు ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలని నిపుణులు చెబుతారు. నాలుగేళ్ళ పిల్లకు ఆ సలహా పనికిరాదు. ఆమెకు పనికివచ్చేది ఆ లోతుకే వెళ్ళకపోవడం, చెయ్యి చాచితే అందే దూరంలో ఒక పెద్ద మనిషి ఉండడం.

ఈ కొలతతో ఒక్కొక్క ఊరినే చూశాను.

గోవాను కాదనడానికి నాకు పెద్ద కారణాలు లేవు. దూరం ఒకటి. రెండోది, చిన్నదిగా కనిపించినా నాకు పెద్దదనిపించింది. పడమటి తీరంలో సముద్రపు వేళ సాయంత్రం. సూర్యుడు నీళ్ళలో మునిగే ఆ అందాన్ని చూడడానికే అందరూ వెళతారు. ఆ వేళకు చిన్నపిల్ల అలసి, ఆకలేసి, నిద్రకు ఏడుస్తుంటుంది. మన తూర్పు తీరంలో సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. ఇసుక చల్లగా, ఎండ లేతగా, జనం పలుచగా ఉండే ఆ రెండు గంటలూ పసిపిల్లలు హుషారుగా ఉండే గంటలే. పిల్లల గడియారం ప్రకారం బంగాళాఖాతమే మంచి సముద్రం.

విశాఖపట్నం గొప్ప ఊరే. కానీ రామకృష్ణా బీచి చూసే సముద్రం, దిగే సముద్రం కాదు. రాళ్ళు ఉన్నాయి, లోతు తొందరగా వస్తుంది. కురుసుర జలాంతర్గామిని 2002 నుండి అక్కడ ప్రదర్శనశాలగా ఉంచారు. దాన్ని చూసి ఆనందించడానికి పాపకు ఇంకో నాలుగేళ్ళు రావాలి. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అంటే శుభ్రత, భద్రత, సౌకర్యాలు కొలిచి ఇచ్చే ముద్ర అన్నమాట. గోస్తని కలిసే భీమిలి కూడా పిల్లలున్నవారు ఆలోచించదగిన చోటే. కానీ రాత్రంతా రైలు ప్రయాణం. వెళ్ళేది రెండు రోజులకైతే ఒక రోజు పిల్ల బడలిక తీరడానికే పోతుంది.

పూరీ గురించి వెతుకుతుంటే ఒక సంగతి మనసుకు హత్తుకుంది. అక్కడ కోసుటోపీ పెట్టుకొని యాత్రికులను చెయ్యి పట్టి అలల్లో స్నానం చేయించే నులియాలు మన తెలుగు మత్స్యకారులే, వాడబలిజలు. తరతరాల క్రితం ఉత్తరాంధ్ర తీరం నుండి వెళ్ళి స్థిరపడినవారు. సముద్రం తెలిసిన చెయ్యి ఒకటి పట్టుకొని దిగాలన్న తెలివి అక్కడ ఒక వృత్తిగా నిలిచింది. మన ఒడ్డులన్నిటా ఆ చెయ్యి ఎందుకు లేదన్నది నన్ను ఇప్పటికీ తొలిచే ప్రశ్న.

బందరు దగ్గరి మంగినపూడిలో తెల్లని ఇసుక ఉండదు, నల్లని ఒండ్రు ఉంటుంది. అందుకని పెదవి విరిచేవారు చాలామంది. నాకు మాత్రం ఆ నలుపు పరాయిదిగా తోచలేదు. మన కృష్ణమ్మ ఎన్ని యుగాలుగానో మోసుకుపోయి పోసిన మట్టే కదా అది! అక్కడ లోతు నిదానంగా వస్తుందంటారు. అయితే ఆ తీరపు చరిత్ర మరువరానిది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలు తీసింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిననాడు ఆదివారం, పైగా పున్నమి. పుణ్యస్నానాలకు వచ్చినవారు ఒడ్డునే ఉన్నారు. ఆ తర్వాత 2007లో సునామీ హెచ్చరికల కేంద్రం ఏర్పడింది. ఎక్కడో తెలుసా? సముద్రం లేని మన హైదరాబాదులో! ఇన్‌కాయిస్ అని పిలిచే ఆ సంస్థే అలల ఎత్తు ఎంత ఉండబోతుందో కూడా ముందుగా చెబుతుంది. ప్రయాణానికి ముందు వానొస్తుందా అని చూసుకుంటాం గానీ అల ఎంత లేస్తుందని చూసుకునేవారు మనలో ఎందరు?

చివరికి మిగిలినవి చీరాల దగ్గరి వాడరేవు, బాపట్ల దగ్గరి సూర్యలంక. మాకు దగ్గరివి, చదునైన ఇసుక ఒడ్డులు. అత్తమ్మ చెప్పిన ఊరే గెలిచింది, ఆమె చెప్పిన రోజు మాత్రం ఓడిపోయింది. కార్తీక పున్నమినాడు ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా తుపానుల కాలం కూడా. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకరాదని పెద్దలొక నియమం పెట్టారు. సముద్రమంటే అలుసు తగదన్నది అందులోని ఆంతర్యం కావచ్చు. అదే నియమం వల్ల అందరూ ఒకేనాడు దిగుతున్నారన్నది నేటి చిక్కు. సంక్రాంతి వెళ్ళాక, పున్నమి అమావాస్యలు కాని వారం చూసి, సెలవు కాని రోజు వెళదామన్నాను. "సముద్రానికి గూడ ముహూర్తం పెడుతున్నవా బిడ్డా?" అని అత్తమ్మ నవ్వింది. అవునన్నాను.

గుంటూరు దాకా రైలు, అక్కడి నుండి బస్సులో బాపట్ల. రాత్రి అక్కడే నిద్ర చేసి, తెల్లవారకముందే ఆటోలో తొమ్మిది కిలోమీటర్లు. ఒడ్డున మొదట చేసిన పని, వల సర్దుకుంటున్న ఒక పెద్దాయనను అడగడం. "పిల్లను ఆడించుకోను ఏ పక్క బాగుంటుంది తాతా?" ఆయన నీళ్ళ వంక ఒకసారి చూసి, "ఆ మూల కనపడుతుందే, నిదానంగా ఉంది గదా అని అటు పోబాకండి. ఇటేపు అల పగిలేకాడ పలకగా ఉంది, ఇక్కడ కూర్చోబెట్టండి" అన్నారు. నేను వారాల తరబడి చదివినదంతా ఆయన ఒక చూపులో, రెండు వాక్యాల్లో చెప్పేశారు.

పాప మొదట సముద్రాన్ని చూసి సంతోషించలేదు. చప్పుడుకు భయపడింది. గంటసేపు నీళ్ళకు వీపు పెట్టి ఇసుకలో గుంట తవ్వింది. మా వారు ఎత్తుకొని అలల్లోకి తీసుకుపోతానంటే నేను వద్దన్నాను. ఇంత దూరం వచ్చి గుంట తవ్వడమేమిటని ఆయన బాధ. తవ్వనివ్వండి, సగరుని వంశమే కదా అన్నాను. చివరికి అల ఒకటి నెమ్మదిగా వచ్చి ఆమె గుంటను నింపి పోయింది. ఆమె లేచి, తన గుంటను నింపినవారెవరో చూడడానికన్నట్లు, తనంతట తానే నాలుగడుగులు వేసింది. మడమలు, పిక్కలు, మోకాలు. పక్కనే నేను. నా మోకాళ్ళు తడిశాయని చాలాసేపటికి గాని గమనించలేదు.

అంతా సవ్యంగానే జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. రెండో రోజు అల వెనక్కి పోతూ పాప పాదాల కింది ఇసుకను లాగేసింది. జానెడు నీటిలో వెల్లకిలా పడింది. ఆ నీరు ఆమెను రెండడుగులు ఈడ్చింది కూడా. ఆ క్షణంలో మా వారు ఫోనులో ఆమెనే తీస్తున్నారు, అంటే చూస్తున్నారు గానీ చూడడం లేదు. నా చెయ్యి అందింది. ఈసారి నేను నిలబడిపోలేదు. పాప ఉప్పునీళ్ళు ఉమ్మేసి, ఏడ్చి, పది నిమిషాలకు మళ్ళీ గుంట దగ్గరకు పోయింది. వణుకు తగ్గనిది నాకే. తర్వాత ఒక కట్టడి చేసుకున్నాం: నీళ్ళలో పిల్ల ఉన్నంతసేపూ ఒకరు కాపు. కాపు ఉన్నవారి ఫోను అత్తమ్మ సంచిలో. ఇద్దరూ చూస్తున్నారంటే ఎవరూ చూడడం లేదనే అర్థం.

అత్తమ్మ దోసిట్లో నీళ్ళు తీసుకొని నాలుకకు తగిలించుకుంది. "మన సాగర్ నీళ్ళు కూడ గీడికే వస్తయా?" అని అడిగింది. గేట్లు ఎత్తిన ఏడు వస్తాయని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అంత మంచి నీళ్ళు ఉప్పయిపోతయన్నట్టు" అంది. వరిచేలకు చివరి తడి అందక ఎండిన సంవత్సరాలు చూసిన మనిషి ఆమె. సముద్రం చూసి కవులు ఏమేమో అన్నారు గానీ నల్లగొండ జిల్లా రైతు మాట అదే కాబోలు.

"విహారయాత్రకు ఇంత లెక్కా? మా రోజుల్లో లారీ ఎక్కి పోయి స్నానం చేసి రాలేదా?" అని అడిగేవారున్నారు. పోయి వచ్చినవారే ఆ ప్రశ్న అడగగలరు. తిరిగి రానివారు అడగలేరు. సూర్యలంకలోనూ వాడరేవులోనూ సెలవు రోజుల్లో యువకులు కొట్టుకుపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. సముద్రం తెలియని దూరపు ఊళ్ళవారు వారిలో ఉంటారు. తెలంగాణకు సముద్రం లేదు, ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది. ఉన్నవారి దగ్గరకు లేనివారు వస్తారు. వచ్చినప్పుడు ఒడ్డున తెలుగులో ఒక పలక కావాలి: ఈ రోజు ఎక్కడ దిగవచ్చు, ఎక్కడ దిగరాదు అని. నులియాల వంటి మనిషి ఒకరు జీతం మీద ఉండాలి. ఆడవాళ్ళు తడి బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఉండాలి, పసిపిల్లలను కూర్చోబెట్టడానికి ఇంత నీడ ఉండాలి. ఇవేవీ ఆకాశాన్ని అడగడం కాదు. రుషికొండలో సాధ్యమైనది తక్కిన చోట్ల కాకపోదు.

అలాగని ప్రభుత్వం పలక పెట్టేదాకా పిల్లలకు సముద్రం చూపించవద్దని నేననను. "నీళ్ళ దగ్గరకు పోవద్దు" అన్న మాటతో పెరిగినదాన్ని గనుకనే అనను. నీటికి దూరంగా పెంచిన పిల్ల ఏదో ఒకనాడు మనం పక్కన లేనప్పుడు నీటి దగ్గరకు వెళుతుంది. అప్పుడు అద్దంలా ఉన్న చోటే భద్రమనుకుంటుంది. వెతుకుతూ పోయిన ఆ మూడోది నాకు దొరికింది ఇదే: భయమూ కాదు, ధీమా కాదు, పరిచయం. దగ్గరి ఒడ్డు, మంచి నెల, తెల్లవారు వేళ, మోకాలి లోతు, ఒక చెయ్యి. వచ్చే వేసవిలో పాపతోపాటు నేనూ ఈత నేర్చుకోబోతున్నాను. నవ్వేవారు నవ్వవచ్చు.

మొన్న మా ఇంటికి వచ్చిన పక్కింటావిడ "సముద్రం ఎంతుందే?" అని అడిగితే, పాప గౌను ఎత్తి మోకాలు చూపించి "గింత" అంది. ఆమెకు ఇంకా కొన్నేళ్ళు ఆ కొలతే చాలు.

తీరప్రాంతాల్లో పుట్టి పెరిగిన మిత్రులకు ఒక మనవి. మీ చిన్నప్పుడు మీ పెద్దలు మిమ్మల్ని ఏ ఒడ్డున, ఏమని చెప్పి నీళ్ళలో దింపారో రాయండి. మా మెట్ట పిల్లలకు పనికివస్తుంది.